రహస్యం చెప్పకుండానే రుజువు చేయడం ఎట్లా?

అలీబాబా కథ మీ అందరికీ తెలిసినదే. నలభైమంది దొంగలు గుహ ముందు నిలబడి ఒక మంత్రం పలికేవారు. తలుపు తెరచుకునేది. చెట్టు మీద దాక్కున్న అలీబాబా ఆ మాట విన్నాడు. అంతటితో గుహలోని ధనం అతని వశమైంది. అతను తాళం పగలగొట్టలేదు, గోడకు కన్నం వేయలేదు. దొంగలే తమ రహస్యాన్ని బిగ్గరగా చెప్పుకున్నారు. పాపం, చెప్పకపోతే వాళ్ళకూ తలుపు తెరచుకోదు గదా!

ఈ చిక్కు ఈనాటికీ మనల్ని వదలలేదు. ఏటీఎం పిన్ గాని, కంప్యూటర్ పాస్‌వర్డ్ గాని, ఫోనుకు వచ్చే ఓటీపీ గాని ఆ మంత్రం వంటివే. "ఈ రహస్యం నాకు తెలుసు" అని నిరూపించుకోవాలంటే ఆ రహస్యాన్నే ఎదుటివారి చేతిలో పెట్టాలి. ఎదుటివారు నిజంగా బ్యాంకువారైతే సరే. బ్యాంకు పేరు చెప్పి ఫోను చేసిన మోసగాడైతే? మరుక్షణం అతనే మీరైపోతాడు.

వేలిముద్ర వాడితే సరిపోదా అని మీరు అడగవచ్చు. వేలిముద్ర ఒక గుర్తే గాని రహస్యం కాదు. మంచినీళ్ళు తాగిన ప్రతి గ్లాసు మీదా దాన్ని వదిలి వస్తాం. పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం.

కాబట్టి మనకు కావలసింది వేరొక ఉపాయం. రహస్యం నాకు తెలుసునని ఎదుటివారికి నమ్మకం కలగాలి, కాని ఆ రహస్యంలో ఒక్క అక్షరం కూడా వారికి తెలియకూడదు. ఇది జరిగే పనేనా? జరిగే పనే అంటున్నారు గణిత శాస్త్రజ్ఞులు. 1985లో షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలీ, చార్లెస్ రాకాఫ్ అనే ముగ్గురు ఇటువంటి రుజువులు సాధ్యమని చూపించారు. వీటిని "శూన్యజ్ఞాన రుజువులు" అనవచ్చు. మరుసటి సంవత్సరం, అంటే 1986లో, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన అమోస్ ఫియట్, ఆది షమీర్ ఈ భావాన్ని చాలా సులువైన ఒక లెక్కగా మార్చారు. ఆ లెక్క చేయడానికి హెచ్చవేతలు, భాగహారాలు వస్తే చాలు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

శేషాల లెక్క

ఇప్పుడు తొమ్మిది గంటలయింది. ఇంకో ఐదు గంటలు గడిస్తే ఎన్ని గంటలవుతుంది? పద్నాలుగు అనము, రెండు అంటాము. 14ను 12తో భాగించి శేషాన్ని మాత్రమే తీసుకున్నామన్నమాట. మన లెక్కలోనూ ఇదే పద్ధతి. కాకపోతే 12కు బదులు 77 వాడదాం. ఏ సంఖ్య వచ్చినా 77తో భాగించి శేషం మాత్రమే ఉంచుకోవాలి.

రాధ అనే అమ్మాయి ఉందనుకుందాం. ఆమె 7, 11 అనే రెండు ప్రధాన సంఖ్యలను ఎన్నుకొని, హెచ్చించి, 77 అనే సంఖ్య తయారు చేసింది. తరువాత 10 అనే సంఖ్యను తన రహస్యంగా పెట్టుకుంది. 10 వర్గం 100. 77తో భాగిస్తే శేషం 23. ఈ 77, 23లను ఆమె అందరికీ ప్రకటిస్తుంది, ఇంటి తలుపు మీద పేరు రాసుకున్నట్లు. 10ని మాత్రం ఎవరికీ చెప్పదు.

ఇప్పుడు ద్వారం దగ్గర ఒక పరీక్షకుడున్నాడు. "నువ్వు రాధవే అయితే, వర్గం చేసినప్పుడు 23 శేషం వచ్చే సంఖ్య నీకు తెలియాలి. ఏదీ, రుజువు చెయ్యి" అన్నాడు. పరీక్ష మూడు మెట్లలో జరుగుతుంది.

మొదటి మెట్టు: రాధ తన మనసులో ఏదో ఒక సంఖ్య అనుకుంటుంది. 6 అనుకుందనుకోండి. దాని వర్గం 36. ఈ 36ను పరీక్షకుడికి ఇస్తుంది. 6ను ఇవ్వదు.

రెండవ మెట్టు: పరీక్షకుడు నాణెం ఎగరవేస్తాడు. బొమ్మ పడితే "నువ్వు మనసులో అనుకున్న సంఖ్య చెప్పు" అంటాడు. బొరుసు పడితే "నువ్వు అనుకున్న సంఖ్యను నీ రహస్యంతో హెచ్చించి ఆ ఫలితం చెప్పు" అంటాడు.

మూడవ మెట్టు: బొమ్మ పడితే రాధ 6 అని చెబుతుంది. 6 వర్గం 36 అవునో కాదో పరీక్షకుడు సరిచూసుకుంటాడు. బొరుసు పడితే 6ను 10తో హెచ్చించి 60 అని చెబుతుంది. పరీక్షకుడు 60ని వర్గం చేస్తాడు. 3600 వస్తుంది. 77తో భాగిస్తే శేషం 58. మరొక పక్క, మొదట తీసుకున్న 36ను, ప్రకటించిన 23తో హెచ్చిస్తాడు. 828 వస్తుంది. 77తో భాగిస్తే ఇక్కడా శేషం 58! రెండూ సరిపోయాయి. రాధ నెగ్గింది.

మోసగాడికి ఎంత అవకాశం?

రాధ వేషంలో మరొకరు వచ్చారనుకుందాం. ఆమెకు 10 అనే రహస్యం తెలియదు. బొమ్మ పడుతుందని ఊహిస్తే ఏదో ఒక సంఖ్య అనుకొని, దాని వర్గాన్ని ఇచ్చి నెగ్గవచ్చు. బొరుసు పడుతుందని ఊహిస్తే మరొక తంత్రం ఉంది. చివర చెప్పవలసిన జవాబును ముందే ఎన్నుకోవాలి. అది 5 అనుకోండి. 5 వర్గం 25. ఇప్పుడు 23తో హెచ్చిస్తే 25 శేషం వచ్చే సంఖ్యను వెతకాలి. అది 58. హెచ్చించి చూడండి: 58 × 23 = 1334, 77తో భాగిస్తే శేషం 25. ఇటువంటి సంఖ్యను రాబట్టడం ఎంత పెద్ద సంఖ్యలకైనా సులువే. కనుక మొదటి మెట్టులో 58 ఇచ్చి, బొరుసు పడగానే 5 అని చెబితే పరీక్ష నెగ్గినట్లే.

కాని బొమ్మ పడిందా, ఆమె పని అయిపోయినట్లే. వర్గం చేస్తే 58 శేషం వచ్చే సంఖ్య ఏదో ఆమెకు తెలియదు. రెండు ప్రశ్నలకూ జవాబు సిద్ధంగా ఉండాలంటే రహస్యం తెలిసి తీరాలి. ఒక్కసారికి ఆమె నెగ్గే అవకాశం సగం. రెండుసార్లు పరీక్షిస్తే పావు. ఇరవైసార్లు పరీక్షిస్తే 10,48,576లో ఒక వంతు. ప్రతిసారీ రాధ కొత్త సంఖ్య అనుకోవాలి, పరీక్షకుడు కొత్తగా నాణెం ఎగరవేయాలి.

ఇంతకూ పరీక్షకుడికి ఏం తెలిసింది? బొమ్మ పడితే 6 అనే సంఖ్య తెలిసింది. దానికీ రహస్యానికీ సంబంధం లేదు. బొరుసు పడితే 60 తెలిసింది. అందులో రహస్యం కలిసి ఉన్నా, దానితోపాటు అతనికి తెలియని మరో సంఖ్య కూడా కలిసి ఉంది. పాలలో నీళ్ళు కలిసినట్లు కలిసిన ఈ రెంటినీ అతను విడదీయలేడు.

ఇంకొక విచిత్రం గమనించారా? 58, బొరుసు, 5 అనే సంభాషణను రహస్యం తెలియనివారు కూడా ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చునని ఇప్పుడే చూశాం. అంటే పరీక్షకుడు తాను చూసినదంతా పుస్తకంలో రాసుకొని "రాధ ఫలానా రోజు నా దగ్గరకు వచ్చింది, ఇదిగో రుజువు" అని మూడో మనిషికి చూపినా ఆ మనిషి నమ్మనక్కర లేదు. అది కల్పితమైనా కావచ్చు. ఎదురుగా నిలబడి, నాణెం తానే ఎగరవేసిన పరీక్షకుడికి మాత్రమే నమ్మకం కలుగుతుంది. రాధ తన పని చూసుకొని వెళ్ళిపోతుంది. ఆమె వచ్చి వెళ్ళిన రుజువు ఎవరి చేతా మిగలదు. భద్రత, గోప్యత రెండూ ఒకేచోట దొరకడం అంటే ఇదే.

23 నుంచి 10ని కనుక్కోలేమా?

77 చిన్న సంఖ్య కనుక కనుక్కోవచ్చు. 1 నుంచి 76 వరకు ఒక్కొక్కటే వర్గం చేసి చూస్తే 23 శేషం వచ్చేవి నాలుగు దొరుకుతాయి: 10, 32, 45, 67. వీటిలో 10, 32 తీసుకోండి. కూడితే 42, తీసివేస్తే 22. 42కూ 77కూ గ.సా.భా. ఎంత? 7. 22కూ 77కూ? 11. చూశారా! 77 ఏ ప్రధాన సంఖ్యల లబ్ధమో బయటపడింది. అంటే ఇటువంటి వర్గమూలాలు సులువుగా కనుక్కోగలిగినవారు ఆ సంఖ్యను కారణాంకాలుగానూ విడగొట్టగలరన్నమాట.

ఇక్కడే మన భద్రత అంతా ఉంది. 7, 11లను హెచ్చించడం చిటికెలో పని. కాని వందలాది అంకెలున్న సంఖ్యను ఇచ్చి, ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో చెప్పమంటే కంప్యూటర్లు కూడా చతికిలబడతాయి. 2020లో 250 అంకెలున్న ఒక సంఖ్యను శాస్త్రజ్ఞులు విడగొట్టారు. ఆ పనిని ఒకే ఒక సాధారణ ప్రాసెసర్ కోర్ మీద చేస్తే సుమారు 2,700 సంవత్సరాలు పట్టేది. అనేక కంప్యూటర్లు పంచుకున్నాయి కాబట్టి నెలల్లో తేలింది. ఈనాడు వాడుకలో ఉన్న సంఖ్యలు తరచు 617 అంకెలవి. వాటి కష్టం ఇంతకు ఎన్నో రెట్లు.

పరీక్షకుడు లేకుండా సంతకం

ఇప్పుడు సంతకం సంగతి చూద్దాం. కాగితం మీద మీరు చేసే సంతకం ఏ కాగితం మీదైనా ఒక్కలాగే ఉంటుంది. అదే దాని లోపం. వంద రూపాయల రసీదు మీది సంతకాన్ని చూసి లక్ష రూపాయల ప్రామిసరీ నోటు మీద దించవచ్చు. సంతకం చేసిన తరువాత 100 పక్కన మరో సున్న చేర్చినా సంతకం ఏమీ ఎరగనట్లే ఉంటుంది. అందులో రాసిన విషయానికీ సంతకానికీ ముడి లేదు.

విషయాన్ని బట్టి మారే సంతకం కావాలని 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ సూచించారు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ ఒక పూర్తి పద్ధతిని కనిపెట్టారు. వారి పేర్ల మొదటి అక్షరాలతో దానికి ఆర్ఎస్ఎ అని పేరు వచ్చింది. ఫియట్, షమీర్ మరొక దారి చూపారు. పైన చెప్పిన పరీక్షలో నాణెం ఎగరవేసే మనిషిని తీసివేసి, అతని స్థానంలో విషయాన్నే పెట్టారు.

అది ఎట్లాగంటే, ఎంత పెద్ద విషయాన్నైనా నలగ్గొట్టి కొద్దిపాటి అంకెల ముద్దగా మార్చే గణిత పద్ధతులున్నాయి. వీటిని హ్యాష్ అంటారు. విషయంలో ఒక్క కామా మారినా ముద్ద మొత్తం మారిపోతుంది. రాధ చాలా సంఖ్యలు మనసులో అనుకొని, వాటి వర్గాలను తన ఉత్తరంతో కలిపి హ్యాష్ చేస్తుంది. వచ్చిన ముద్దలో 0 ఉన్నచోట బొమ్మ, 1 ఉన్నచోట బొరుసు పడినట్లు లెక్క. ఆ ప్రకారం జవాబులు రాస్తుంది. ఆ జవాబులే ఆమె సంతకం. ఉత్తరంలో ఒక్క అక్షరం మార్చితే ప్రశ్నలన్నీ మారిపోతాయి, పాత జవాబులు చెల్లవు.

ఇక్కడ ఇరవై ప్రశ్నలు చాలవు. ఎందుచేతనంటే, ద్వారం దగ్గర మోసగాడికి ఒకటే అవకాశం. ఇంట్లో కూర్చున్నవాడు కంప్యూటర్‌తో పది లక్షలసార్లు ప్రయత్నించి, కలిసి వచ్చినదాన్ని మాత్రమే బయటపెట్టవచ్చు. అందుకే సంతకానికి వందకు పైగా ప్రశ్నలు కావాలి.

ఇంకొక తేడా కూడా ఉంది. ఈ సంతకాన్ని ఎవరైనా, ఎప్పుడైనా సరిచూడవచ్చు. రాధ "నేను చేయలేదు" అనడానికి వీలు లేదు. అప్పు పత్రానికి ఇది మంచిదే. ద్వారం దాటినంత మాత్రానికి ఇటువంటి చెరగని రుజువు అవసరమా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఒక్క పొరపాటు చాలు

రాధకు బద్ధకం వేసి, ప్రతిసారీ 6నే అనుకుందనుకోండి. ఒకరోజు బొమ్మ పడింది, 6 అని చెప్పింది. మరునాడు బొరుసు పడింది, 60 అని చెప్పింది. రెండు రోజులూ మొదట 36నే ఇచ్చింది కనుక, మనసులో అనుకున్న సంఖ్య ఒకటేనని పరీక్షకుడికి తెలిసిపోయింది. 60ని 6తో భాగించాడు. 10! రహస్యం బయటపడింది.

ఇది ఊహ కాదు. సోనీ కంపెనీవారి ప్లేస్టేషన్ 3 అనే ఆటల యంత్రంలో, కంపెనీ సంతకం ఉన్న ప్రోగ్రాములే నడిచేటట్లు ఏర్పాటు చేశారు. ఆ సంతకం వేరొక గణితం మీద ఆధారపడినదే అయినా, దానికీ ప్రతిసారీ కొత్త సంఖ్య కావాలి. కంపెనీ మాత్రం ఒకే సంఖ్యను మళ్ళీ మళ్ళీ వాడింది. 2010 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన సమావేశంలో కొందరు ఈ సంగతి వెల్లడించారు. రెండు సంతకాలను పక్కపక్కన పెట్టి లెక్క చేసేసరికి కంపెనీ రహస్య సంఖ్య తేలిపోయింది. గణితం ఓడిపోలేదు, దాన్ని వాడినవారి అజాగ్రత్త ఓడిపోయింది.

ఈ సంఖ్య రాధదేనా?

77, 23 అనేవి రాధవేనని మనకు ఎవరు చెప్పాలి? మోసగాడు తన సంఖ్యలను రాధ పేరున ప్రకటిస్తే? అందుకని నమ్మకమైన ఒక సంస్థ "ఈ సంఖ్య ఫలానా వారిది" అని ధ్రువపత్రం ఇస్తుంది. ఆ పత్రం మీద సంస్థ తన డిజిటల్ సంతకం చేస్తుంది. మన దేశంలో 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది, ధ్రువపత్రాలిచ్చే సంస్థలకు లైసెన్సు విధానం ఏర్పరచింది. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో స్థాపించిన ఐడీఆర్‌బీటీ బ్యాంకుల కోసం ఇటువంటి సేవ చేసింది. ఆధార్ కార్డు మీది క్యూఆర్ కోడ్‌లోనూ డిజిటల్ సంతకం ఉంటుంది.

ధ్రువపత్రాలిచ్చేవారి ఇల్లే దోపిడీకి గురైతే? 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే సంస్థ కంప్యూటర్లలోకి చొరబడి, గూగుల్ పేరుతో సహా ఎన్నో దొంగ ధ్రువపత్రాలు పుట్టించారు. నమ్మకం పోయిన ఆ సంస్థ అదే సంవత్సరం దివాలా తీసింది.

గోప్యత మాట

రాధ ఆసుపత్రిలోనూ, గ్రంథాలయంలోనూ, బ్యాంకులోనూ ఒకే సంఖ్యతో తనను నిరూపించుకుంటే, ఆమె రహస్యం బయటపడకపోయినా మరో ప్రమాదం ఉంది. ఆ మూడుచోట్లా ఉన్న పుస్తకాలను ఒకచోట చేర్చితే ఆమెకు ఏ జబ్బు చేసింది, ఏ పుస్తకం చదివింది, ఎంత డబ్బు దాచుకుంది అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. గోప్యత పౌరుల ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. హక్కును చట్టం ఇచ్చింది. దాన్ని నిలబెట్టే పనిముట్లలో గణితం ఒకటి.

1982లో డేవిడ్ చౌమ్ ఒక చక్కని ఉపాయం చెప్పాడు. లోపలి వైపు కార్బన్ పూసిన కవరులో మీ కాగితం పెట్టి అంటించారనుకోండి. అధికారి కవరు పైన సంతకం చేస్తాడు. కార్బన్ వల్ల లోపలి కాగితం మీద కూడా సంతకం పడుతుంది. మీరు ఇంటికి వెళ్ళి కవరు చించి కాగితం తీసుకుంటారు. దాని మీది సంతకం అధికారిదేనని అందరూ ఒప్పుకోవలసిందే. కాని ఆ కాగితం ఏ రోజు, ఎవరు తెచ్చిన కవరులోదో అధికారి కూడా చెప్పలేడు. సంఖ్యలతో ఇదే పని చేయవచ్చు. దీన్ని "అంధ సంతకం" అంటారు.

ఈనాడు ఫోన్లలో వస్తున్న పాస్‌కీ అనే ఏర్పాటులోనూ గోప్యతకు చోటు ఉంది. ఒక్కొక్క వెబ్‌సైటుకు ఫోను ఒక్కొక్క వేరు సంఖ్యను తయారు చేస్తుంది. సైటు ప్రతిసారీ ఒక కొత్త ప్రశ్న పంపుతుంది, ఫోను దాని మీద సంతకం చేస్తుంది. ఆ సంతకంలో సైటు పేరు కూడా కలిసి ఉంటుంది. కనుక దొంగ సైటులో చేసిన సంతకం అసలు సైటులో చెల్లదు. రహస్యం ఫోను దాటి ఆ సైటుకు ఎన్నడూ వెళ్ళదు. అలీబాబా చెట్టెక్కి ఎంతసేపు కూర్చున్నా ప్రయోజనం లేదన్నమాట!

రేపు క్వాంటం కంప్యూటర్లు బలపడితే పెద్ద సంఖ్యలను విడగొట్టడం సులువవుతుందని 1994లోనే పీటర్ షోర్ చూపాడు. అందుకే కారణాంకాల మీద ఆధారపడని కొత్త సంతకాలకు అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో ప్రమాణాలు ప్రకటించింది. వాటిలో ముఖ్యమైన ఒకదానిలో గణితం కొత్తదే అయినా, పరీక్షకుడి స్థానంలో హ్యాష్‌ను పెట్టే 1986 నాటి ఉపాయం అట్లాగే ఉంది.

మీరే చేసి చూడండి

1. ఈసారి 11, 13లను హెచ్చించి 143 తీసుకోండి. రహస్యం 20. ప్రకటించవలసిన సంఖ్య 114 అని సరిచూడండి.

2. మనసులో 15 అనుకొని బొరుసు పరీక్ష చేయండి. రెండు వైపులా 53 శేషం వస్తే మీ లెక్క సరి.

3. ఒకే 15ను రెండు రోజులు వాడితే 15, 14 అనే జవాబులు బయటకు వస్తాయి. 15ను ఏ సంఖ్యతో హెచ్చించి 143తో భాగిస్తే 14 శేషం వస్తుందో కనుక్కోండి. ఒకే సంఖ్యను రెండుసార్లు ఎందుకు వాడకూడదో మీకే బోధపడుతుంది.

లెక్క పూర్తయ్యాక, ఇంట్లో పెద్దవారికి ఒక్క మాట చెప్పండి. ఫోనులో ఎవరైనా పిన్ గాని, ఓటీపీ గాని అడిగితే చెప్పకూడదు. అవి ఇంకా అలీబాబా కాలపు మంత్రాలే. పలికితే చాలు, విన్నవాడికి తలుపు తెరచుకుంటుంది.